సవరణ: ఊహాగానం, అంచనా, అనుమానం

ఇంతకుముందు రాసిన వివరణలో ‘ఊహాగానం’, ‘అంచనా’, ‘అనుమానం’ అనే మూడు మాటలూ రుజువు లేకుండా అనుకోవడాన్నే సూచిస్తాయని, ఒకదానికి బదులు మరొకటి వాడవచ్చని చెప్పాను. అది పొరపాటు.

ఆధారం లేకపోవడం వీటిలో ఊహాగానానికి మాత్రమే చెందిన లక్షణం. మంత్రివర్గ విస్తరణలో ఎవరికి చోటు దక్కుతుందోనని అధికారిక ప్రకటనకు ముందు సాగే మాటలను పత్రికలు ఊహాగానాలంటాయి. ప్రకటన వెలువడగానే వాటికి తెరపడిందని రాస్తాయి. విత్తిన విస్తీర్ణం, కురిసిన వాన, పైరు తీరు చూసి దిగుబడి ఇంత రావచ్చని చెప్పేది అంచనా. అది తప్పినా నిరాధారం కాదు.

అనుమానం విషయంలో నా తప్పు మరింత పెద్దది. వాడుకలో ఈ మాటకు సందేహం, శంక అనే అర్థాలు స్థిరపడిన మాట నిజమే. తర్కాన్ని ప్రధానంగా చర్చించే ప్రాచీన భారతీయ శాస్త్రమైన న్యాయదర్శనంలో మాత్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే 4 ప్రమాణాలలో, అంటే సరైన జ్ఞానాన్నిచ్చే మార్గాలలో, ఇది రెండవది. కొండమీద పొగను చూసి, పొగ ఉన్నచోట నిప్పు తప్పక ఉంటుందన్న నియమాన్ని బట్టి అక్కడ నిప్పు ఉందని తెలుసుకోవడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ నియమాన్నే వ్యాప్తి అంటారు. అంటే, రుజువు లేనిదని నేను చెప్పిన మాట ఆ శాస్త్రంలో రుజువుకే ఒక పేరు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెతతో మనం పుకార్లను సమర్థిస్తుంటాం కానీ, తార్కికుడు ముందు అది పొగా, పొగమంచా అని చూస్తాడు.

కనుక ఆ వివరణలో ‘ప్రమాణం లేని అనుమానం’ అని ఉన్న ప్రతిచోటా ‘ఊహాగానం’ అని చదువుకోవలసిందిగా కోరుతున్నాను.