సింహం నిద్రపోతోంది, మీటరు తిరుగుతోంది

దక్షిణాఫ్రికాలో లాడ్జిలో దిగుతున్నామని ఫోనులో చెప్పగానే మా పెద్దమ్మ నొచ్చుకుంది. "బావమరిది ఇల్లు ఉండగా లాడ్జిలో దిగడమేంట్రా, వాళ్ళతో ఏమైనా పట్టింపులొచ్చాయా?" అంది. పెద్దమ్మకు తెలిసిన లాడ్జి బస్టాండు ఎదురుగా ఉంటుంది. అందులో ఒక బకెట్టు, ఒక మగ్గు, గోడ మీద నల్లుల్ని నలిపిన మరకలు, ఇరవై నాలుగ్గంటల చెకవుటు ఉంటాయి. ఈ లాడ్జిలో రాత్రికి లక్ష పైచిలుకు, అదీ తలకు, అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చెప్పివుంటే ఆవిడ అడిగేది ఒక్కటే. "ఆ లక్షకి వేణ్ణీళ్ళన్నా ఇస్తార్రా?"

ఇస్తారు పెద్దమ్మా. ఆరుబయట ఇస్తారు.

ఆఫ్రికా అడవుల్లో వెలసిన విలాసవంతమైన లాడ్జీలు మానవజాతికి చేస్తున్న సేవను మన పాఠకలోకం ఇంతవరకూ సరిగ్గా గుర్తించలేదని నా అభిప్రాయం. మన తాతలు భయాన్నీ, చీకటినీ, దోమల్నీ ఉచితంగా అనుభవించి వాటి విలువ చెడగొట్టారు. వాటికి మళ్ళీ ఒక గౌరవం, ఒక రేటు తెచ్చిపెట్టినవి ఈ లాడ్జీలే. మూడు రాత్రులు స్వయంగా అనుభవించి వచ్చాను కాబట్టి అధికారికంగానే మాట్లాడుతున్నాను.

జోహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది "బావా, మీరు ఊఁ అనండి చాలు, మిగతాది నేను చూసుకుంటా" అని మూడేళ్ళు వెంటపడ్డాడు. మిగతాది అంటే బుకింగేననీ, బిల్లు కాదనీ తర్వాత తెలిసింది. మేం వెళ్ళింది సాబీ శాండ్స్ అనే చోటికి. క్రూగర్ జాతీయ పార్కును ఆనుకుని పడమటి వైపున్న ప్రైవేటు అడవి అది. రెంటికీ మధ్య ఒకప్పుడు కంచె ఉండేది. 1993లో దాన్ని పీకేశారు. అప్పట్నుంచి జంతువులు ప్రభుత్వ రంగంలో నీళ్ళు తాగి ప్రైవేటు రంగంలో నిద్రపోతున్నాయి.

ఇందులోని ఆర్థికశాస్త్రం మీద కాస్త మనసు పెట్టాలి. పార్కు వైపున్న సింహాన్ని ఎవరైనా చూడొచ్చు. గేటు దగ్గర రోజు రుసుము కట్టి, సొంత కారులో వెళ్ళి, రోడ్డు దిగకుండా, అద్దంలోంచి చూసి, గేటు మూసేలోగా క్యాంపుకు చేరుకోవాలి. పిల్లలకు పులిహోర పొట్లాలు కట్టుకుని కూడా వెళ్ళొచ్చు. అదే సింహం పొద్దున్నే లేచి, ఒళ్ళు విరుచుకుని, పాత కంచె ఆనవాలు దాటి నాలుగడుగులు ఇటు వేసిందనుకోండి, దాని హోదా మారిపోతుంది. ఇప్పుడు దాన్ని చూడటానికి రోడ్డు వదిలి పొదలు తొక్కుకుంటూ బండి వెళ్ళొచ్చు. ఒక్క సింహం దగ్గర రెండు మూడు బండ్ల కంటే చేరకూడదు. దర్శనం అయ్యాక చల్లటి తువ్వాలు ఇస్తారు. శీఘ్ర దర్శనం టికెట్టు కొన్నవాళ్ళకు ఈ ఏర్పాటు కొత్తగా ఏమీ అనిపించదు. కాకపోతే ఇక్కడ దేవుడే క్యూలు మారుతూంటాడు.

వేషం సంగతి కూడా చెప్పాలి. మెరిసే రంగులు వద్దు, మట్టిరంగు బట్టలు తెచ్చుకోండి అని లాడ్జివాళ్ళు ముందే రాశారు. నా దగ్గర సఫారీ సూటే ఉంది. 1990ల్లో మా ఊళ్ళో సఫారీ తొడిగే అర్హత ముగ్గురికే ఉండేది. బ్యాంకు మేనేజరు, జూనియర్ కాలేజీ ప్రిన్సిపాలు, ఎమ్మార్వో. ముగ్గురిలో ఎవరూ అడవి మొహం చూసినవాళ్ళు కారు. నేనూ మోజుపడి కుట్టించుకున్న బూడిదరంగు జత ముప్ఫయ్యేళ్ళుగా బీరువాలో కలరా ఉండల మధ్య తన రోజు కోసం ఎదురుచూస్తోంది. సఫారీ అంటే స్వాహిలీలో ప్రయాణం. అరబ్బీ 'సఫర్' నుంచి వచ్చిన మాట. హైదరాబాదు ఉర్దూలో ఆ సఫర్ ఇప్పటికీ నడుస్తోంది. ఇంత దగ్గరి చుట్టరికం ఉంది కదా అని ధైర్యంగా తొడుక్కుని దిగాను. ముంబయి నుంచి వచ్చిన జంట నన్ను ఎగాదిగా చూసి, మర్యాదగానే అడిగారు. "మీ సార్ ఎప్పుడొస్తున్నారు?"

మన దేశంలో ఆ సూటు ఇప్పుడు మంత్రుల అంగరక్షకులది. రెండో రోజు నుంచి బావమరిది టీషర్టు వేసుకున్నాను.

గదిలోకి వెళ్ళే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఇక్కడ కంచె లేదు, జంతువులు తిరుగుతాయి, ఏదైనా జరిగితే మా పూచీ లేదు, అని అందులో సారాంశం. హైదరాబాదులో ఏ అపార్ట్‌మెంటు వాళ్ళయినా ఇలాంటి కాగితం ఇస్తే కొనేవాడు పారిపోతాడు. ఇక్కడ మాత్రం అందరూ దాన్ని పక్కన పెట్టుకుని ఫొటో దిగారు. చీకటి పడ్డాక గది నుంచి భోజనానికి ఒంటరిగా వెళ్ళకూడదు. టార్చిలైటు పట్టుకుని ఒక మనిషి ముందు నడుస్తాడు. చిన్నప్పుడు మా పాలేరు సత్తెయ్య కూడా పాముల భయానికి కర్రా లాంతరూ పట్టుకుని నన్ను చేలగట్టు మీదుగా ఇలాగే దాటించేవాడు. దాన్నప్పుడు మేం 'అనుభవం' అనలేదు, కరెంటు లేదు అన్నాం.

ఇక గది. మంచం చుట్టూ తెల్లటి దోమతెర, దానికి రిబ్బను ముడి. వరండాలో కిరసనాయిలు దీపం, అందులో కిరసనాయిలు బదులు బ్యాటరీ. వెనక తడికలు కట్టి, పైకప్పు లేకుండా స్నానాల గది. అక్కడ నిలబడి నెత్తిన నీళ్ళు పోసుకుంటూ నక్షత్రాలు చూస్తుంటే మా ఆవిడ బయట నుంచి, "ఏమండీ, ఇది అచ్చం మా అమ్మమ్మగారి పెరడే కదూ?" అంది. అచ్చం అదే. ఆ పెరట్లో తడిక మారిస్తే బాగుండునని ఆవిడ పుట్టింటివాళ్ళు పదిహేనేళ్ళు తిట్టుకుని, చివరికి మేడ కట్టి, టైల్సు వేయించి, గీజరు పెట్టించారు. తొందరపడ్డారు పాపం. సాయంత్రం గ్లాసుల పక్కన నల్లగా, బిరుసుగా ఉన్న ముక్కలు వెండి పళ్ళెంలో పెట్టారు. బిల్టాంగ్ అట, ఎండబెట్టిన కుడు దుప్పి మాంసం. నోట్లో వేసుకున్నాను. తునకలు! మా ఇంటి దండెం మీద తీగకు గుచ్చి ఆరేస్తే కాకుల్ని తోలడానికి నన్ను కూర్చోబెట్టేవారు. ఆ ఉద్యోగానికి అప్పట్లో జీతం లేదు.

పొద్దున అయిదింటికి తలుపు కొడతారు. ఆసుపత్రిలో తప్ప లక్షలు కట్టి ఇంత పొద్దున్నే లేపించుకునే చోటు ఇంకొకటి నాకు తెలియదు. కాఫీ, గట్టి రస్కు తిని, పైకప్పు లేని బండి ఎక్కాలి. రేంజరు బండి నడుపుతాడు. బానెట్ మీద ఎడమ మూలన బిగించిన కుర్చీలో ట్రాకరు కూర్చుంటాడు. అంటే సింహం ఎదురైతే ముందు పరిచయం అతనితోనే. మేం నిలబడకుండా కూర్చున్నంతసేపూ జంతువులు బండినీ మమ్మల్నీ కలిపి ఒకే వస్తువుగా చూస్తాయని రేంజరు భరోసా ఇచ్చాడు. ట్రాకరు మాత్రం ఇసుకలోకి చూస్తూ పొద్దుటి పేపరు చదువుకున్నట్టు చదువుకుంటాడు. ఎవరు ఎటు పోయారు, ఎంతసేపైంది, వెంట పిల్లలున్నాయా, అన్నీ అందులోనే. ఒకచోట చెయ్యి ఎత్తాడు. బండి ఆగింది. దిగి, ఏనుగు పేడను చేతి వెనక వైపుతో తాకి చూసి, మళ్ళీ ఎక్కాడు. ముంబయి జంట దాన్ని వీడియో తీశారు. పేడ వేడి చూసి పశువు జాడ చెప్పే విద్య మా సత్తెయ్యకూ ఉండేది. వీడియో లేదు.

అలా సింహం దొరికింది. దొరకడమంటే నిద్రపోతూ దొరికింది. సింహాలు రోజుకు ఇరవై గంటల దాకా నిద్రపోతాయని రేంజరు భక్తిగా చెప్పాడు. నాలుగు కాళ్ళూ అటూ ఇటూ పారేసి, పొట్ట ఆకాశానికి పెట్టి పడుకుంది. నలభై నిమిషాలు చూశాం. నాకు లెక్కలు తప్ప వేరే వ్యాపకం తోచలేదు. రోజుకు లక్ష అంటే గంటకు 4,166 రూపాయలు. నలభై నిమిషాలకు 2,777. బండిలో ఆరుగురం కాబట్టి 16,662. వచ్చిన సరుకు, చెవి ఆడించడాలు మూడు, ఆవలింత ఒకటి. నేను ఆదివారం మధ్యాహ్నం ముద్దపప్పు తిని సరిగ్గా ఇదే భంగిమలో పడుకుంటాను. "ఏమండీ, గ్యాసు బండ వచ్చింది, లేవండి" అని అరిచే మనిషే ఇక్కడ నా చెవిలో గుసగుసగా, "ఎంత ప్రశాంతంగా పడుకున్నాడో చూడండి, పాపం" అంది.

అడవిలో కులవ్యవస్థ కూడా ఉంది. పైన 'బిగ్ ఫైవ్' కూర్చున్నాయి. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్న. ఈ అయిదింటినీ ఎంపిక చేసింది అందమూ కాదు, ఎత్తూ కాదు. కాలినడకన వేటాడి చంపడం కష్టమని పాత వేటగాళ్ళు వేసుకున్న జాబితా ఇది. అంటే చంపబోయినవాణ్ణి తిరగబడి చంపగలిగితేనే పెద్దరికం. జిరాఫీ పాపం పద్ధెనిమిది అడుగులు పెరిగి కూడా జాబితాకు ఎక్కలేదు. ఇంపాలా అనే జింకల బతుకు మరీ అన్యాయం. మొదటి రోజు పొద్దున తొలి ఇంపాలాకు వంద ఫొటోలు తీశాం. సాయంత్రానికి అది అడ్డం వస్తే హారను కొట్టమన్నట్టు చూశాం. వాటి పిరుదుల మీద నల్లచారలు ఇంగ్లీషు 'ఎం' అక్షరంలా ఉంటాయి. అందుకే వీటిని అడవిలో మెక్‌డొనాల్డ్స్ అంటారని రేంజర్లు ప్రతి బండిలోనూ చెప్పే జోకు మాకూ చెప్పాడు. మేమూ ప్రతి బండిలోలాగే నవ్వాం.

ఖడ్గమృగానికి కొమ్ము లేదు. రంపంతో కోసేశారు. కొమ్ము ఉంటే దొంగలు చంపుతారని యజమానులే ముందు కత్తిరిస్తున్నారు. ఆ కొమ్ము మన గోళ్ళలాంటి కెరటిన్, అంతకు మించి ఏమీ లేదు. అయినా 2014లో దక్షిణాఫ్రికాలో దానికోసం 1,215 ఖడ్గమృగాల్ని చంపారు. "కొమ్ము లేకపోతే ఫొటోలో పందిలా పడుతోంది" అని ముంబయి ఆయన నొచ్చుకున్నాడు. న్యాయమే, పూర్తి డబ్బులు కట్టాడు.

మూడో రాత్రి భోజనం 'బోమా'లో. చుట్టూ కర్రల దడి, మధ్యలో నెగడు. బోమా అనే మాట వినగానే నాకు రైలు గుర్తొచ్చింది. 1898లో బ్రిటిషువాళ్ళు ఇప్పటి కెన్యాలో సావో నది మీద రైలు వంతెన కట్టించారు. పనికి మన దేశం నుంచి కూలీల్ని తీసుకెళ్ళారు. వాళ్ళకూ గుడారాలే ఇచ్చారు, కంచె లేదు, నక్షత్రాలు కనిపించేవి. రెండు జూలు లేని మగ సింహాలు నెలల తరబడి రాత్రిళ్ళు గుడారాల్లో దూరి మనుషుల్ని ఈడ్చుకుపోయాయి. వాటిని కాల్చిన ప్యాటర్సన్ దొర 135 మంది అన్నాడు. 2009లో సింహాల ఎముకలూ వెంట్రుకలూ పరీక్షించిన శాస్త్రవేత్తలు ముప్ఫై అయిదు దగ్గర ఆగారు. కూలీలు తమ చుట్టూ ముళ్ళకంపతో కట్టుకున్న దడి పేరే బోమా. ఒక్క పైసా తీసుకోకుండా ఇంత అసలైన అనుభవం ఇచ్చినా వాళ్ళకు విలువ తెలియలేదు. పని ఆపేసి, దొరికిన రైలెక్కి పారిపోయారు. సింహాలకే గిరాకీ తెలుసు. 1924లో షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం ఆ తోళ్ళను 5,000 డాలర్లకు కొంది.

ఉచితంగా అడవిలో ఉండేవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. క్రూగర్ ప్రాంతానికి మొదటి వార్డెన్‌గా 1902లో వచ్చిన స్టీవెన్సన్-హామిల్టన్ దొర ముందుగా చేసిన పని ఊళ్ళు ఖాళీ చేయించడం. అక్కడి త్సోంగా జనం ఆయనకు స్కుకూజా అని పేరు పెట్టారు. ఊడ్చిపెట్టినవాడు అని అర్థం. తిట్టో పొగడ్తో దొర పట్టించుకోలేదు. ఇవాళ పార్కులో అన్నిటికంటే పెద్ద క్యాంపు పేరు అదే, విమానాశ్రయం పేరూ అదే. 1969లో ఉత్తరాన మకులేకే జనాన్ని కూడా అలాగే ఊడ్చారు. వాళ్ళు కోర్టుకెక్కి 1998లో దాదాపు 24 వేల హెక్టార్లు వెనక్కి తెచ్చుకున్నారు. తెచ్చుకుని మళ్ళీ గుడిసెలు వేసుకోలేదు, లాడ్జీలకు ఇచ్చారు. తెలివి వచ్చింది.

మన నల్లమలలో చెంచులకు ఆ తెలివి ఇంకా రాలేదు. పెద్దపులుల అభయారణ్యంలోంచి బయటికి వస్తే కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అంటున్నారు. ప్యాకేజీ అనే మాట మాకూ వాళ్ళకూ ఒకటే. మాది లోపలికి వెళ్ళడానికి, వాళ్ళది బయటికి రావడానికి. తరతరాల అడవికి కట్టిన ఆ ధర, మా దంపతుల లెక్కలో ఏడు రాత్రులూ, ఎనిమిదో రోజు మధ్యాహ్న భోజనం దాకా వస్తుంది.

ఆఖరి పొద్దున సామాను బండిలో పెట్టాక, మర్యాద ప్రకారం రేంజరుకొకటి, ట్రాకరుకొకటి కవర్లు ఇచ్చాం. ట్రాకరుది అడవి పక్క పల్లెటూరే. నలభై దాటిన మనిషి, పంతొమ్మిదేళ్ళుగా ఆ బానెట్ మీదే కూర్చుంటున్నాడట. వారాల తరబడి పని చేశాక కొన్నాళ్ళు సెలవిస్తారు, ఆ రోజే అతని సెలవు మొదలు. బ్యాగు సర్దుకుని, తెల్ల చొక్కా వేసుకుని, ఊరికి వెళ్ళే వ్యాను కోసం నిలబడ్డాడు.

"ఇంటి దగ్గర ఏం చేస్తారు?" అని అడిగాను.

"నిద్రపోతాను సార్" అన్నాడు. "అయిదింటికి ఎవరూ తలుపు కొట్టరు."