స్పీకర్ కుర్చీ దిగనన్నందుకు

2009 మే 7, గురువారం నాడు మలేసియాలోని పేరాక్ రాష్ట్ర శాసనసభలోంచి స్పీకర్‌ను పోలీసులు ఈడ్చుకెళ్లారు. అదీ మఫ్టీలో వచ్చిన పోలీసులు. నల్లగౌను వేసుకుని, కుర్చీ దిగేది లేదని భీష్మించుకు కూర్చున్న వి.శివకుమార్‌ను పట్టుకుని బయటికి లాక్కుపోయారు. ఆ కుర్చీలోకి దేశాన్ని అప్పుడు ఏలుతున్న బారిసాన్ నేషనల్ కూటమి మనిషి ఆర్.గణేశన్ వచ్చారు. అంతకుముందు చాలాసేపు సభలో స్పీకర్లు ఇద్దరు! ఎవరి అరుపులు వాళ్లవి. సభను ప్రారంభించడానికి పొద్దున్నే వచ్చిన యువరాజు రాజా నజ్రిన్ షా ఈ గలాటా సద్దుమణిగేదాకా గంటల తరబడి కూర్చుని, మధ్యాహ్నం మూడు దాటాక ప్రసంగం చదివి వెళ్లారు. చదివింది ఏ సభకు? పోలీసులు ఖాళీ చేయించిన కుర్చీ ఎదుట కూర్చున్న సభకు.

శివకుమార్‌కు అప్పటికి నలభై నిండలేదు. 2008 మార్చిలో, కేంద్రంలో ప్రతిపక్షంగా ఉన్న డీఏపీ పార్టీ తరఫున ట్రోనో నుంచి గెలిచారు. ఏప్రిల్‌లో స్పీకర్ అయ్యారు. మలేసియాలో ఆ కుర్చీ ఎక్కిన తొలి భారత సంతతి మనిషి. పూర్తి పేరులో వరదరాజు నాయుడు అని కనిపిస్తుంది కనుక మనవాడేనని ఇక్కడ కొందరు ముచ్చటపడవచ్చు. బగాన్ దతో కొబ్బరి తోటలకు కూలికి వెళ్లిన తెలుగువాళ్లు ఉన్నది ఆ పేరాక్‌లోనే. కానీ అసలు గొడవ అది కాదు. ఆయన స్థానంలో కూర్చోబెట్టిందీ భారత సంతతి మనిషినే. జాతి లెక్క సరిపోయింది కదా, ఇంకేం అడుగుతారన్నట్టుండింది బారిసాన్ నేషనల్ ధోరణి.

కథ ఇదీ. 59 మంది సభలో డీఏపీ ఉన్న పకటాన్ రక్యాత్ కూటమికి 31, బారిసాన్‌కు 28. పకటాన్‌లోనే ఉన్న పాస్ పార్టీ నాయకుడు నిజార్ జమాలుద్దీన్ ముఖ్యమంత్రి. 2009 ఫిబ్రవరి మొదటి వారంలో పకటాన్ నుంచి ముగ్గురు గోడ దూకారు. వాళ్లలో ఇద్దరిపై అప్పటికి అవినీతి కేసులున్నాయి. మూడో వ్యక్తి సాక్షాత్తూ డిప్యూటీ స్పీకర్ హీ ఇత్ ఫూంగ్. ఇలాంటివాళ్లను అక్కడ కప్పలంటారు, మన దగ్గర జంప్ జిలానీలు. సభ రద్దు చేసి ఎన్నికలు పెట్టమని నిజార్ అడిగితే రాష్ట్రాధినేత సుల్తాన్ అజ్లాన్ షా కుదరదన్నారు. బారిసాన్ 28, గోడ దూకిన ముగ్గురు, కలిపి 31 మందిని ప్యాలెస్‌కు రప్పించుకుని మాట్లాడారు. మర్నాడు, ఫిబ్రవరి 6న, బారిసాన్ నాయకుడు జంబ్రీ అబ్దుల్ ఖాదిర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. సభ తలుపు తెరుచుకోలేదు. చేయెత్తినవాడు లేడు, వద్దన్నవాడు లేడు.

శివకుమార్ తప్పులు చేయలేదని మేం అనడం లేదు. తేదీ వేయని రాజీనామా పత్రాలు పట్టుకుని ఫిరాయించినవాళ్ల సీట్లు ఖాళీ అయ్యాయనడం ఏ స్పీకర్‌కూ మర్యాద కాదు. ముఖ్యమంత్రి జంబ్రీని పద్దెనిమిది నెలలు, ఆరుగురు మంత్రులను ఏడాది సస్పెండ్ చేయడం మరీ అతి. ఆ సస్పెన్షన్ చెల్లదని ఫెడరల్ కోర్టు ఆ ఏప్రిల్‌లో తేల్చింది కూడా. పార్టీ మనిషిగానే కుర్చీలో కూర్చున్నారన్న బారిసాన్ ఆరోపణలో పస లేకపోలేదు.

అయితే ఏమిటట? స్పీకర్ పక్షపాతానికి మందు మఫ్టీ పోలీసా? అసలు ఆయన అంతదాకా పోవలసిన అవసరం ఎందుకొచ్చింది? తలలు లెక్కపెట్టవలసిన చోట లెక్కపెట్టకపోవడం వల్ల. ఫిబ్రవరి 5 నాటికి బారిసాన్ వెనక నిజంగానే 31 మంది ఉన్నారు. ఉన్నప్పుడు సభ పిలిచి, అవిశ్వాసం పెట్టి, చేతులెత్తించి, నిజార్‌ను ఇంటికి పంపితే అడిగేవాడెవడు? మెజారిటీ చేతిలో ఉన్నవాడు సభకు భయపడటమేమిటి? అరగంటలో తేలాల్సిన పనికి మూడు నెలలు కోర్టులు, తాళాలు, అరెస్టులు కావలసి వచ్చాయి.

మార్చి 3న సచివాలయం గేట్లకు తాళాలు వేస్తే పేరాక్ రాజధాని ఇపో నగరంలో రోడ్డు పక్క చెట్టు నీడనే శివకుమార్ సభ నడిపారు. మనకు చెట్టు కింద ప్లీడర్లు తెలుసు. చెట్టు కింద శాసనసభను వాళ్లు చూపించారు. నవ్వొచ్చే దృశ్యమే. గౌను వేసుకున్న స్పీకరు, చుట్టూ నిలబడిన ఎమ్మెల్యేలు, సభను రద్దు చేయాలంటూ తీర్మానం. కానీ ఆ మూడు నెలల్లో పేరాక్‌లో సభ్యులు సభగా కూడి ఓటేసింది ఏమైనా ఉంటే ఆ చెట్టు కిందే. ప్యాలెస్‌లో లెక్క తేల్చినవాళ్లకు దాన్ని చూసి నవ్వే హక్కు లేదు.

ఇదేమీ ఆ దేశానికి తెలియని న్యాయం కాదు. 1966లో సరవాక్ ముఖ్యమంత్రి స్టీఫెన్ కలోంగ్ నింకన్‌ను గవర్నర్ తొలగిస్తే, విశ్వాసం పోయిందో లేదో శాసనసభ ఓటుతోనే తేలాలని అక్కడి హైకోర్టు చెప్పింది. అప్పటికే నలభై మూడేళ్ల కిందటి మాట అది. ఇక సుల్తాన్ అజ్లాన్ షా సామాన్యుడా? దేశ న్యాయవ్యవస్థకు అధిపతిగా చేసినవారు. మామూలు పరిస్థితుల్లో సభ రద్దు కోరితే రాజు కాదనడని గతంలో స్వయంగా రాసినవారు. ఆయనకు తెలియని రాజ్యాంగం మేం చెప్పబోవడం లేదు. ఆయన రాసిందే గుర్తుచేస్తున్నాం.

తెలుగువాడికి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాజ్‌భవన్‌కు వెళ్తే గవర్నర్ రామ్‌లాల్ కళ్లెదుట ఉన్న తలలను చూడనట్టే ఉన్నారు. నాదెండ్ల భాస్కరరావుకు నెల రోజులు గడువిచ్చారు. ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి కర్ణాటకకు తీసుకెళ్లి దాచుకోవాల్సిన గతి పట్టింది. హైదరాబాద్‌లో గవర్నర్ లెక్కపెట్టనన్నారు, పేరాక్‌లో సుల్తాన్ తానే లెక్కపెట్టారు. రెండూ ఒకే తప్పు. ఆ లెక్క వాళ్ల గుమ్మంలో తేలేది కాదు. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే, బలపరీక్ష జరగాల్సింది సభలోనని. ఆ తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే మనం వైస్రాయ్ హోటల్ చూశామనుకోండి, అది వేరే సంగతి. పదవి పోయిన మనిషికి సభలో మాట్లాడే అవకాశం కూడా ఇవ్వకపోతే ఎలా ఉంటుందో ఆ ఏడాదే చూశాం.

ఫిరాయింపుల మీద పకటాన్ రక్యాత్ అప్పుడు పెట్టిన గగ్గోలు చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. 2008 సెప్టెంబర్ 16కల్లా ఎంపీలను లాగి కేంద్రంలో సర్కారు పడగొడతానని తేదీ పెట్టి మరీ చెప్పింది వాళ్ల నాయకుడు అన్వర్ ఇబ్రహీం కాదా? 2009 జనవరిలో బోటా ఎమ్మెల్యే నసరుద్దీన్ హషీం బారిసాన్ వదిలి వస్తే శాలువా కప్పినంత సంబరంగా చేర్చుకున్నది ఎవరు? ఆయన పది రోజులు తిరిగేసరికి వెనక్కి పోయారు. తమ గడపలోకి దూకితే చైతన్యం, ఎదుటివాడి గడపలోకి దూకితే ద్రోహం. ఈ రెండు నాల్కల వ్యవహారం వల్లే అక్కడ 2022 దాకా ఫిరాయింపుల చట్టం రాలేదు. కెలంతాన్ రాష్ట్రం ఒకటి చేసుకుంటే, సంఘం పెట్టుకునే స్వేచ్ఛకు అడ్డని 1992లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత 2022 దాకా రాజ్యాంగాన్ని సవరించే తీరిక ఎవరికీ చిక్కలేదు.

అయినా మా కోపం ప్రధానంగా బారిసాన్ మీదే. ఎందుకంటే అప్పుడు పోలీసులు వాళ్ల చేతిలో ఉన్నారు. ఆ గురువారం సభ బయట నల్ల బట్టలు వేసుకొచ్చినవాళ్లను పదుల సంఖ్యలో ఎత్తి వ్యాన్లలో పడేశారు. నల్లచొక్కా నేరమెప్పుడయింది? ఈ ఆనవాయితీ పేరాక్‌తో ఆగదు. రేపు మరో రాష్ట్రం సెలంగార్‌లో ముగ్గురు దొరికితే అక్కడా ఇదే పద్ధతా? ముగ్గురిని కొనడం, ప్యాలెస్‌లో చూపించడం, అడ్డొచ్చిన స్పీకర్‌ను మోసుకుపోవడం? స్పీకర్ చేతిలో దండం ఉండాలి గాని స్పీకర్ మెడ మీద పోలీసు చెయ్యి ఉండకూడదని ‘ఒకే మలేసియా’ నినాదంతో ఆ ఏప్రిల్‌లోనే ప్రధానిగా గద్దెనెక్కిన నజీబ్ రజాక్‌కు ఇంకొకరు చెప్పాలా? పేరాక్‌లో పార్టీ తరఫున ఈ ఫిరాయింపుల వ్యవహారం నడిపించింది ఆయనే కదా.

అసలు ముఖ్యమంత్రి ఎవరన్న కేసులో అప్పటికి కోర్టు తీర్పు రాలేదు. ఏ తీర్పు వచ్చినా ఇంకో కోర్టుకు వెళ్లేవారే. దానికి అంతెక్కడ? సభ రద్దు చేసి జనాన్ని అడగడానికి మహా అయితే రెండు నెలలు పట్టేది. జంబ్రీ అడగలేదు, నజీబ్ అడగనివ్వలేదు. కారణం వెతకనక్కర్లేదు. ఏప్రిల్ 7న ఆ పేరాక్‌లోనే బుకిట్ గంటాంగ్ పార్లమెంటు సీటుకు ఉప ఎన్నిక జరిగింది. ప్యాలెస్ పదవి దిగమన్న నిజార్ అక్కడ అభ్యర్థి. బారిసాన్ సర్వశక్తులూ ఒడ్డింది. నిజార్ గెలిచారు.