సూర్యకాంతం గారి గుమ్మం ముందు నాలుగు వేల మంది

అంతర్జాతీయ నేరముఠాలు నన్ను గుర్తించాయి. చెప్పుకోవడానికి మొదట మొహమాటపడ్డాను గానీ, మన సన్మానం సంగతి మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

నేను ఎనిమిదేళ్లుగా సూర్యకాంతం గారి మీద ఒక అభిమాన వెబ్‌సైట్ నడుపుతున్నాను. ఆవిడ సినిమాల జాబితా, పాత పత్రికల్లోంచి కత్తిరించి స్కాన్ చేసిన బొమ్మలు, ఎడమచెయ్యి తిప్పుతూ మాట్లాడే తీరు మీద మూడు భాగాల వ్యాసం. ఇదీ సరుకు. రోజుకి పదకొండుమంది చూస్తారు. అందులో నలుగురం ఇంట్లోవాళ్లం.

ఒకరోజు నిద్రపట్టక సర్వర్ లాగ్, అంటే సైట్‌కి వచ్చిపోయేవాళ్ల చిట్టా, తెరిచాను. ఆ ఒక్క రాత్రే నాలుగు వేల పైచిలుకు సార్లు ఎవరో లాగిన్ పేజీ తలుపు తట్టారు. 2 గంటల 13 నిమిషాలకి ఒకడు, అదే నిమిషంలో ఇంకో దేశం నుంచి ఇంకొకడు. తెల్లవారేదాకా జాతర. తెలుగువాళ్లే మరిచిపోతున్న నటి కోసం భూగోళం నలుమూలల నుంచీ జనం రావడం చూసి నా కళ్లు చెమర్చాయి.

కంప్యూటర్లు తెలిసిన మా తోడల్లుడు ఆ చెమ్మ తుడిచేశాడు. ‘అన్నయ్యా, వాళ్లు మనుషులు కాదు, బాట్లు. వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు. ఆవిడెవరో వాటికి తెలీదు. మన సైట్ కట్టిన వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ వాసన తగిలితే చాలు, గొళ్లెం లాగి చూసి పోతుంటాయి’ అన్నాడు. ప్రపంచంలో ప్రతి పది సైట్లలో నాలుగు వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయట. అన్నిళ్లకీ ఒకే రకం తలుపు, అదీ ఒకే చోట ఉన్నప్పుడు దొంగకి ఇంటి నంబరుతో పనేముంది? వచ్చినవాడు మొదట 123456 అంటాడు, తర్వాత admin అంటాడు, ఆ తర్వాత సైట్ పేరు పక్కన 123 తగిలిస్తాడు. వారం క్రితం దాకా నా పాస్‌వర్డ్ అదే. ముప్పు ముందే పసిగట్టి 1234 చేశాను.

అయినా వాళ్లు తలుపులోంచి రాలేదు. పూలలోంచి వచ్చారు. 2024 అక్టోబరు 28న ఆవిడ శతజయంతి కదా, మొదటి పేజీలో ఆవిడ ఫొటో మీద బంతిపూల రేకులు రాలేలా ఒక ఉచిత ప్లగిన్, అంటే వర్డ్‌ప్రెస్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం, పెట్టాను. దాన్ని రాసినాయన ఎప్పుడో చేతులు కడిగేసుకున్నాడు. అందులో చిల్లు ఉంది. ఆ సంగతి నాకు తప్ప లోకంలో దొంగలందరికీ తెలుసు.

నాకు తెలిసింది మాత్రం కాకినాడ నుంచి మా మేనత్త ఫోన్ చేశాక.

‘ఒరేయ్, సూర్యకాంతం బొమ్మ కింద ఆ నీలం మాత్రలేంట్రా?’

‘ఏ మాత్రలత్తయ్యా? నాకు పువ్వులే కనిపిస్తున్నాయి.’

‘నాకు మాత్రం రేటుతో సహా కనిపిస్తున్నాయి. సగం ధరట.’

ఇందులో పనితనం మెచ్చుకోవాలి. గూగుల్లో వెతుక్కుని వచ్చినవాళ్లకి మాత్రలు, నేరుగా వచ్చే యజమానికి పువ్వులు. ఊరంతా చెప్పుకున్నాక గానీ ఇంటాయనకి తెలియకూడదన్న నియమం పెట్టుకుని మరీ రాస్తారు ఆ కోడు. నాకు మందులకొట్టు దక్కింది. కొందరికి జపాన్ భాషలో వందల పేజీల సరుకుల అంగడి దక్కుతుంది. ఎవరి ప్రాప్తం వారిది.

సైట్‌కి చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీకి మొర పెట్టుకుందామనుకునేలోపు వాళ్లే నా సైట్‌కి తాళం వేశారు. వాళ్ల బాధ నేను అర్థం చేసుకోగలను. షేర్డ్ హోస్టింగ్ అంటే మన పాత పోర్షన్ల ఇల్లే. ఒకే సర్వర్లో వందలాది సంసారాలు, అందరికీ కలిపి ఒకే కుళాయి. నా వాటా ముందు నాలుగు వేల మంది నిలబడితే పక్కవాటాకి నీళ్లందవు. చేరేటప్పుడు నెలకి తొంభై తొమ్మిది రూపాయలే, అంతా అన్‌లిమిటెడ్ అన్నారు. మెస్సులో అన్‌లిమిటెడ్ భోజనం బోర్డు చూసి కూర్చుని రెండోసారి పప్పు అడిగినవాడికి ఆ మాటకి అర్థం తెలుసు.

‘అయ్యా, దొంగ పడింది మా ఇంట్లో’ అని చాట్‌లో రాశాను.

‘అర్థమైంది సర్. అందుకే మిమ్మల్ని ఖాళీ చేయించాం’ అని జవాబు, చివర ఒక నవ్వుమొహం.

బ్యాకప్ ఉందా అని అడిగాడు ఆ కుర్రాడు. ఉంది, అదే అకౌంట్లో. బీరువా తాళం బీరువాలోనే దాచే వంశం మాది. ఇందులో నేను ఒంటరిని కాను లెండి. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు బ్యాకప్ కూడా ఆ మంటల్లోనే పోయిందని కొందరికి తెల్లారాక తెలిసింది.

అభిమానుల సైట్ల మీద ఎవరికి పగ ఉంటుంది అనుకునేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. అభిమానులు రాసుకునే కథలకి ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అని ఒక పెద్ద కొట్టం ఉంది. జీతాల్లేని వాలంటీర్లు నడుపుతారు, ప్రకటనలుండవు. 2023 జులైలో అనానిమస్ సూడాన్ అనే ముఠా దాని మీదకి దొంగ ట్రాఫిక్ తోలి పడగొట్టింది. ముందు నీతిసూత్రాలు వల్లించింది, ఆ వెంటనే 30,000 డాలర్లు బిట్‌కాయిన్‌లో పెట్టమంది. పుణ్యానికి వడ్డించే ఇంట్లో మామూలు వసూలు! మరుసటేడు అక్టోబరులో ఆ ముఠా పేరు మీద ఇద్దరు అన్నదమ్ములపై అమెరికాలో కేసు బయటపెట్టారు. నన్ను మాత్రం ఇంతవరకూ ఎవరూ ఒక్క పైసా అడగలేదు. ఆ అవమానం ఇంకా దిగమింగుకోలేకపోతున్నాను.

ఇంతకీ తట్టేవాళ్లలో కొందరు మన కాపలాదారులే కావచ్చు. 2016లో మిరాయ్ అనే పురుగు అలాగే పుట్టింది. దొంగల్ని చూడమని గోడకి బిగించిన సీసీ కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరింది. పెద్ద మంత్రమేమీ వెయ్యలేదు. ఫ్యాక్టరీవాళ్లు వేసిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలు అరవై చిల్లర వరసగా వేసి చూసింది, అంతే. బ్రయాన్ క్రెబ్స్ అనే పాత్రికేయుడి సైట్ మీదకి ఆ కెమెరాలన్నీ కలిసి సెకనుకి 620 గిగాబిట్ల చొప్పున విరుచుకుపడ్డాయి. అంతవరకూ ఉచితంగా కాపాడుతున్న అకమాయ్ కంపెనీ ఇక మా వల్ల కాదంటే, గూగుల్ చేరదీసింది. రాసినవాళ్లు ముగ్గురు కుర్రాళ్లు. మొదట మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల మధ్య పోటీలో పక్కవాడిది పడగొట్టడానికి మొదలుపెట్టిన పని అది. పేకాట దగ్గర గొడవకి ఊళ్లో కరెంటు తీసేసినట్టు. మా వీధి చివర షాపువాడి కెమెరా వైపు అప్పట్నుంచీ నేను కాస్త మర్యాదగానే చూస్తున్నాను.

పౌరుడిగా నా బాధ్యత కూడా ఆలోచించాను. 2022 ఏప్రిల్ 28న సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటిది కంటపడిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. కంటపడటం ఎప్పటి నుంచి లెక్క? అత్తయ్య చెప్పినప్పటి నుంచా, నేను నమ్మినప్పటి నుంచా? మధ్యలో నాలుగు రోజులున్నాయి. పైగా నాకు దక్కే లాగ్ ఒక్క రోజుదే, మర్నాటికి తుడిచేస్తారు. తీరా చదివితే ఆ ఆదేశాలు సర్వీస్ ప్రొవైడర్లకి, డేటా సెంటర్లకి, బాడీ కార్పొరేట్లకి. నాకు బాడీ ఉంది గానీ కార్పొరేట్ కాదు.

చివరికి తోడల్లుడు రెండు ఆదివారాలు కూర్చుని అంతా ఊడ్చి, కొత్తగా పెట్టాడు. పువ్వులు పీకేశాడు. రెండో తాళంగా ఫోన్‌కి ఓటీపీ పెట్టాడు. బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో వేసి మా ఆవిడ పోపులపెట్టెలో పెట్టించాడు. ఆ పెట్టెని ఆవిడ తప్ప ఎవరూ ముట్టుకోరు. లాగిన్ పేజీ పాత చిరునామా నుంచి మార్చేశాడు. బాట్లకి ఆ కబురు అందలేదు, ఇప్పటికీ రాత్రంతా పాత గుమ్మమే తడుతున్నాయి. అలా వచ్చినవాళ్లకి ‘పేజీ లేదు’ అని చెప్పే చోట నేనే ఒక బొమ్మ పెట్టాను. నడుం మీద చెయ్యి, ఇంకో చెయ్యి గాల్లో, గుండమ్మ చూపు. రాత్రికి నాలుగు వేల దర్శనాలు.

అత్తయ్యకి ఫోన్ చేసి, అంతా శుభ్రం చేశాం, ఒకసారి చూడమన్నాను. చాలాసేపు చూసినట్టుంది.

‘అన్నీ తీసేశావుట్రా?’ అంది.

‘అన్నీ అత్తయ్యా.’

‘ఆ మాత్రలు ఒక పెట్టె తెప్పిద్దామనుకున్నాను, మీ మామయ్య మోకాళ్లకి.’