మూడు లీటర్ల మర్యాద

మా బావమరిది బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, పెళ్లి చేసుకోవలసిన వయసులో, ముప్పై ఏళ్లనాటి రెండు తలుపుల జర్మన్ స్పోర్ట్స్ కారును, పోర్షా 911ను, కొన్నాడు. ఒక శుక్రవారం రాత్రి జాతీయ రహదారి 44 మీదుగా అనంతపురంలోని మా ఇంటికి అందులో వచ్చి, కాళ్లయినా కడుక్కోకముందే, "బావా, ఈడ 20 డబ్ల్యూ 50 ఇంజన్ ఆయిల్ యాడ దొరుకుతాది? తిరిగి పోయేటప్పుడు లీటరైనా దగ్గర పెట్టుకోవాల" అన్నాడు.

నాకు వాడి మీద జాలి కలిగింది. పన్నెండేళ్ల మా మారుతి ఒక సర్వీసు నుంచి మరో సర్వీసు దాకా చుక్క నూనె అడిగి ఎరగదు. "ఎవరో నిన్ను బాగా ముంచినారప్పా" అన్నాను.

రాగి సంగటి ముద్దను ఊరుబిండిలో అద్దుకుంటూ వాడు నాకు పాఠం మొదలుపెట్టాడు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఎంత గీరినా సిలిండరు గోడ మీద పలుచని నూనె పొర మిగిలి తీరాలనీ, అది మిగలకపోతే పిస్టన్ గోడకు పట్టేస్తుందనీ, ఆ పొరే పెట్రోలు మండినప్పుడల్లా కొంత కాలిపోతుందనీ, నిమిషానికి ఏడువేల చుట్లు తిరిగే ఇంజన్‌లో ఆ ఖర్చు సహజంగానే ఎక్కువనీ చెప్పాడు. గట్టిగా పోతూ పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటరు వదిలితే, లోపల గాలి పలుచబడి, వాల్వుల కాడల పక్కనుంచి కూడా నూనె సిలిండర్లలోకి లాగబడుతుందట. వేయి కిలోమీటర్లకు లీటరు దాకా తాగినా మామూలేనని కొన్ని కంపెనీలు మాన్యువల్‌లోనే అచ్చువేస్తాయట. ఇక మాజ్డా వారి ఆర్ఎక్స్-7 అనే కారులో పిస్టన్లకు బదులు తిరిగే రోటరు ఉంటుంది కాబట్టి, దాని అంచుల సీళ్లు అరగకుండా ఒక చిన్న పంపు పనిగట్టుకొని నూనెను మంటలోకే పంపుతుందట. చెడిపోయి తాగే బండిని చూశాను గాని, తాగడానికే పుట్టిన బండి సంగతి వినడం నాకదే మొదలు.

"మీ నాయన ఎద్దులబండి మాత్రం తాగల్యాదా?" అని మా అమ్మ అందుకుంది. "కింద వెదురుగొట్టంలో ఆముదం కందెన యాలాడదీసుకొని పోయేటోడు కదరా."

"క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదంతోనే వచ్చింది అత్తా, ఇంగ్లీషులో ఆముదాన్ని క్యాస్టర్ ఆయిల్ అంటారు" అని వాడు మా అమ్మను తన పక్షంలో కలుపుకున్నాడు. నేను మజ్జిగ పోసుకున్నాను.

అంతటితో పడుకొని ఉంటే బాగుండేది. కాని ఇంటికొచ్చిన బావమరిది బండిలో నూనె ఉందో లేదో చూడకుండా నిద్రపోయేంత కఠిన హృదయం నాకు లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, చదునైన నేల మీద నిలిపి చూడాలన్నది నా మారుతి నాకు నేర్పిన విద్య కాబట్టి, తెల్లవారుజామునే లేచి, దాని ఇంజన్ వెనుక ఉంటుందన్న సంగతి తెలియని మూర్ఖుణ్ణి కాను గనుక వెనుక మూతే ఎత్తి, నూనె కొలిచే డిప్‌స్టిక్ కడ్డీని లాగి, లుంగీ చెంగుతో తుడిచి, మళ్లీ ముంచి తీశాను. అది మా ఊరి చెరువులా ఎండిపోయి ఉంది. రెండోసారి, మూడోసారి కూడా అంతే.

ఏడు గంటలకు అంగడివాడి చేత షట్టరు ఎత్తించి అయిదు లీటర్ల డబ్బా తెచ్చాను. మొదటి లీటరు పోస్తే కడ్డీకి తడి తగలలేదు. రెండో లీటరుకు కొసన తేనెబొట్టంత మెరిసింది. మూడో లీటరుతో గీత దాకా వచ్చింది. మిగిలిన రెండు లీటర్లను, వాడు తీసుకుపోతాడు గదా అని, ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో పోసి డిక్కీలో పెట్టి, మర్యాదలో లోటు చేయలేదన్న తృప్తితో ఉగ్గాని బజ్జీ తినడానికి కూర్చున్నాను.

తొమ్మిదింటికి వాడు కారు స్టార్టు చేశాడు. రెండు నిమిషాలు బాగానే గొణిగింది. మూడో నిమిషంలో వెనుకనుంచి నీలిరంగు పొగ మొదలై, ఎదురింటి తులసికోటను, ఆ తరువాత ఎదురింటినే మాయం చేసింది. మున్సిపాలిటీవారు దోమల మందు కొడుతున్నారనుకొని వీధి పిల్లలందరూ కేరింతలతో అందులోకి దూకారు. మూలమీది పెద్దాయన, మా వీధికి ఇన్నాళ్లకు పొగబండి పంపినారని ఎవరికో ఫోనులో చెబుతూ కనిపించాడు, అంటే వినిపించాడు.

మా మెకానిక్ భాయ్ వచ్చి గాలి ఫిల్టరు పెట్టె విప్పేసరికి లోపల నూనె మడుగు కట్టి ఉంది. "సార్, దీన్ని చల్లగా ఉన్నప్పుడు చూసినారా?" అని, చనిపోయినవారి గురించి అడిగే గొంతుతో అడిగాడు. ఈ ఇంజన్‌కు నూనె అడుగు పళ్లెంలో కాక వేరే ట్యాంకులో ఉంటుందనీ, దీన్ని డ్రై సంప్ అంటారనీ, రాత్రంతా నిలబెడితే ట్యాంకులోని నూనె మెల్లగా ఇంజన్‌లోకి జారిపోతుందనీ, అందుకే బాగా వేడెక్కించి, ఇంజన్ నడుస్తుండగానే కొలవాలనీ అప్పుడు తెలిసింది. పంపు దాన్నంతా తిరిగి ట్యాంకులోకి తోడేసరికి, నా మూడు లీటర్లకు చోటులేక, గాలి గొట్టం వెంట సిలిండర్లలోకి పోయి కాలిందట.

భాయ్ ఎక్కువైనది దించి, గొట్టాలు తుడిచి, కొత్త ఫిల్టరు వేసేసరికి మధ్యాహ్నమయింది. ఇంజన్‌కు ఏమీ కాలేదు. నన్ను ఓదార్చడానికి బావమరిది, 1972 మోడల్ పోర్షా 911కు నూనె మూత కారు కుడిపక్క బయటే ఉండేదనీ, బంకుల్లో దానిలో పెట్రోలు పోసేస్తున్నారని ఆ మరుసటి ఏడే తీసేశారనీ చెప్పాడు. ఓదార్పు చాల్లేదు.

సాయంత్రం వాడు బయలుదేరుతుంటే మా అమ్మ గానుగలో ఆడించిన చెనిక్కాయ నూనెను ఒక సీసా నిండా ఇచ్చింది. చీకటిపడ్డాక బాగేపల్లి నుంచి వాడి ఫోను వచ్చింది.

"బావా, కారు బాగుంది. డిక్కీలో రెండు కూల్‌డ్రింకు సీసాలు ఉండాయి, రెండూ ఒకటే రంగు. ఇంజన్‌ది ఏది, బజ్జీలది ఏది?"

"వాసన చూడప్పా" అన్నాను.

"పొద్దున్నుంచి నాకు పొగ వాసన తప్ప ఇంకేమీ తెలీడం ల్యా బావా" అన్నాడు.