మరీ చిన్నది కొంటే వచ్చే తిప్పలు

దుస్తుల కింద రోజూ పెట్టుకు తిరగడానికి పిస్టల్ ఎంత చిన్నదైతే అంత మంచిదని ఒక వ్యాసంలో రాశారు. నాకు పేచీ అక్కడే. అరచేతిలో ఇమిడిపోయే .380 తూటా పిస్టల్ ఒకటి నేనూ మొదట్లో కొన్నాను. దాచడం తేలికే, కాల్చడమే నరకం. పిడి మీద చిటికెన వేలికి చోటుండదు. బరువు తక్కువ కాబట్టి పేల్చిన ప్రతిసారీ చేతిలో ఎగిరిపడుతుంది. యాభై తూటాలు కాల్చేసరికి ప్రాక్టీస్ అంటేనే విసుగొచ్చింది.

ఇంకో సంగతి. చొక్కా కింద పొడుచుకొచ్చి గుట్టు బయటపెట్టేది ఎక్కువగా పిడే, బ్యారెల్ కాదు. 1988లో వచ్చిన గ్లాక్ 19 పిస్టల్ సుమారు నాలుగంగుళాల బ్యారెల్, 15 తూటాలతో కాల్చడానికి హాయిగా ఉంటుంది కానీ, సన్నటి మనిషి పల్చటి చొక్కా వేసుకుంటే పిడి కనబడిపోతుంది. 2018లో సిగ్ కంపెనీ పీ365 పిస్టల్ వచ్చాక లెక్క మారింది. సన్నటి పిడిలోనే 9 ఎంఎం తూటాలు పది పట్టాయి. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి.

హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) గురించి ఆ వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది, అన్యాయం! ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్, బరువుకు వంగని బెల్టు లేకపోతే ఏ పిస్టలైనా ఒకటే. జేబులో విడిగా వేసుకుంటే తాళంచెవి తగిలినా ప్రమాదమే. కొనేముందు షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని వంద తూటాలు కాల్చి చూడండి. షాపు కౌంటర్ దగ్గర పట్టుకుంటే అన్నీ బాగానే అనిపిస్తాయి.