"మనసు గట్టిగా ఉంటే చాలు" అనేవాళ్ళకు

మందు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని తమ సంగతులు చెప్పుకునే గ్రూప్ మీటింగులకు వెళ్తున్నానని చెప్తే చాలామంది అనే మాట ఒకటే. "దానికి మీటింగులెందుకండీ, మనసు గట్టి చేసుకుంటే చాలదూ?" మంచి మాటే చెప్పామనుకుంటారు పాపం. ఆ మాట విన్నవాడు మాత్రం తన మనసు గట్టిది కాదు కాబోలనుకుని ఇంకాస్త సిగ్గుపడి, ఇంకాస్త చాటుగా తాగుతాడు.

అసలు ఈ మాటలో ప్రాణాపాయం కూడా ఉంది. ఏళ్ళ తరబడి రోజూ గట్టిగా తాగినవాళ్ళు పట్టుదలకు పోయి ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్ళు తట్టుకోలేకపోవచ్చు. వణుకు, చెమటలతో మొదలై కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు లేనివి కనబడి, తామెక్కడున్నదీ తెలియని స్థితికి పోయేవాళ్ళూ ఉన్నారు. డాక్టర్లు దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే మనిషి పోవచ్చు. అందుకే ముందు డాక్టరు, ఆ తర్వాతే మీటింగు. మీటింగులో ఎవరైనా "డాక్టరిచ్చిన మాత్రలు కూడా మానెయ్, అదీ మత్తే" అంటే వినకండి. అక్కడ అందరూ తాగుడు గురించి తెలిసినవాళ్ళే గానీ అందరూ డాక్టర్లు కారు.

ఇక పట్టుదల సంగతి. ఇలాంటి మీటింగులు నడిపే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) అనే సంస్థ ఎలా పుట్టిందో చూడండి. 1935లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్ వ్యాపారం పని మీద అమెరికాలోని ఆక్రన్ వెళ్ళాడు. అప్పటికి తాగుడు మానేసి కొన్ని నెలలే. పని చెడింది. హోటల్ లాబీలో ఒంటరిగా ఉన్నాడు, పక్కనే బార్. మళ్ళీ తాగేస్తానేమోనని భయం పట్టుకుంది. అప్పుడతను మనసు గట్టి చేసుకుంటూ కూర్చోలేదు, ఫోన్ దగ్గరికి వెళ్ళాడు. తనలాంటి తాగుబోతు ఇంకొకడు కావాలి, మాట్లాడటానికి. అలా వాకబు చేస్తే దొరికినాయన బాబ్ స్మిత్, సర్జన్. పావుగంటకు మించి కూర్చోనన్న డాక్టరుగారు గంటల తరబడి కూర్చున్నాడు. నాకు నచ్చేదేంటంటే, బిల్ అక్కడికి ఎవర్నో ఉద్ధరించడానికి పోలేదు, తను నిలబడడానికి పోయాడు. ఇంకో సంగతి. ఆ రాత్రి తర్వాత కూడా డాక్టర్ బాబ్ మళ్ళీ తాగాడు! జూన్ 10న ఆఖరుసారి తాగాడని చెప్తారు, ఆ సంస్థ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేది ఆ తారీఖునే. ఒకసారి జారినవాణ్ణి "వీడింతే" అని తేల్చేసేవాళ్ళు ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకుంటే బాగుండు.

కాబట్టి కొత్తగా వచ్చినవాడు అక్కడ భారం కాడు. పాతవాళ్ళకు అతనితో అవసరం ఉంది. ఇది అర్థమయ్యాక నాకు గదిలోకి వెళ్ళడం తేలికైంది. ఇంట్లోవాళ్ళ ముందు మనమెప్పుడూ బోనులో నిలబడ్డట్టే ఉంటాం కదా. ఇక్కడ ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు అడ్డురారు, తీర్పులివ్వరు. ఇంటిపేరు అడగరు. ఫీజు లేదు. చివర్లో చందా సంచీ తిరుగుతుంది, కొత్తవాళ్ళు వెయ్యకపోయినా ఏమీ అనుకోరు. చేరడానికి ఉండాల్సింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. మానేసి రావాలని కూడా లేదు.

అన్నీ ఇలాగే ఉంటాయని చెప్పను. కొన్ని గ్రూపుల్లో ఒకాయనే అరగంట వాయిస్తాడు. కొన్నిచోట్ల తాగిన రోజుల గొప్పలే ఎక్కువ. మీటింగు ఉందని రాసిన చోటికి వెళ్తే తాళం వేసి ఉండటం ఇంకో బాధ. ధైర్యం కూడగట్టుకుని వచ్చినవాడికి ఆ తాళం చాలు, ఆ సాయంత్రమే మళ్ళీ తాగడానికి. అందుకే ముందు ఫోన్ చేసి అడగండి. ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అని కూడా అడగండి. ఓపెన్ అయితే ఎవరైనా రావచ్చు, మీకు తోడుగా వచ్చినవాళ్ళూ కూర్చోవచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉండి మానాలనుకునేవాళ్ళకు మాత్రమే. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడండి. ఒక్క మీటింగు చూసి మొత్తం పద్ధతే పనికిరాదనేవాళ్ళతో నాకు పేచీ.

దేవుడి ప్రస్తావన పడనివాళ్ళున్నారు. తాగుడు నుంచి బయటపడడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో అది ఉంది, దాచడమెందుకు? అలాంటివాళ్ళకు 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ ఉంది. అక్కడ దేవుడూ లేడు, మెట్లూ లేవు. ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే సాధన ఉంటుంది. ఆడవాళ్ళ కోసమే విమెన్ ఫర్ సోబ్రైటీ ఉంది, 1975 నుంచి. మగవాళ్ళు నిండిన గదిలో నోరు విప్పలేని ఆడవాళ్ళకు దాని విలువ తెలుస్తుంది. ఇవన్నీ కాలక్షేపం కబుర్లని కొట్టిపారేసేవాళ్ళకు ఒక మాట. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలను కలిపి చూసింది. పూర్తిగా మానేసి ఉండటం విషయంలో, మనిషిని ఒక పద్ధతి ప్రకారం ఏఏ వైపు నడిపించే చికిత్స ఇతర పేరున్న చికిత్సల కంటే మెరుగ్గానే కనబడింది.

ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పాలి. మీటింగు నుంచి రాగానే "ఏం చెప్పారు, ఎవరెవరొచ్చారు" అని ఆరా తియ్యకండి. అక్కడ విన్నది అక్కడే వదిలి రావాలని మాట ఉంటుంది. మీ బాధ చెప్పుకోవడానికి అల్-అనాన్ ఉంది, 1951 నుంచి తాగేవాళ్ళ కుటుంబాల కోసమే నడుస్తోంది. తాగే మనిషి మానినా మానకపోయినా మీరు వెళ్ళొచ్చు, అతనికి చెప్పి వెళ్ళాలని కూడా లేదు.