మూగజీవికి మందు పడకపోతే ఎవరికి చెప్పాలి?

చేపల చెరువు గట్టు మీద, కాపలా పాక నీడలో కుక్క పడుకుని ఉంటుంది. చెవుల వెనక, కాలి వేళ్ల సందుల్లో గోమార్లు శనగ గింజల్లా ఉబ్బి ఉంటాయి. దాని బాధ చూడలేక కాపలా మనిషి పాక చూరులో దోపిన సీసా తీస్తాడు. వరి చేనుకు కొట్టగా మిగిలిన పురుగుమందు అది. మూతెడు మందు బకెట్ నీళ్లలో కలిపి, పాత లుంగీ గుడ్డతో ఒళ్లంతా తుడుస్తాడు. కాసేపటికి కుక్క నోట్లోంచి చొంగ కారుతుంది, కాళ్లు వణుకుతాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది. తెల్లారేసరికి గట్టు పక్కనే గొయ్యి తవ్వాల్సి వస్తుంది. ‘గోమార్లు రక్తమంతా పీల్చేశాయి, అందుకే పోయింది’ అనుకుంటారు. ఆ మనిషి ఆ పూట అన్నం ముట్టడు. కుక్క మీద అతనికున్న ప్రేమను శంకించలేం. చంపింది ఏమిటో మాత్రం అతనికి చివరిదాకా తెలియదు.

మన భాషలో చేనుకు కొట్టేదీ మందే, జ్వరానికి మింగేదీ మందే. కుక్కపిల్ల కడుపులో నులిపురుగులకు పోసేదాన్నీ పురుగుల మందే అంటాం. వరి, చేపలు, రొయ్యలు, కొబ్బరి అన్నీ పక్కపక్కనే ఉన్న గోదావరి డెల్టాలో ఏ ఇంటి గూట్లో చూసినా ఏదో ఒక సీసా ఉంటుంది. అది ఎవరికి, ఎంత, దేనికి అన్న తేడా ఆ గూట్లోనే చెరిగిపోతోంది.

పిల్లుల పరిస్థితి మరీ ఘోరం. పాలకొల్లులోనో రాజోలులోనో పిల్లి ఒళ్లు వెచ్చబడితే, ‘చంటిపిల్లలకే వేస్తాం కదా’ అని అర ముక్క పారాసెటమాల్ నలిపి పాలల్లో కలుపుతారు. ఆ మందును మన కాలేయం విరిచి బయటికి పంపుతుంది. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైము చాలా తక్కువ. మందు విషంగా మారి రక్తాన్ని పట్టుకుంటుంది. చిగుళ్లు గులాబీ రంగు పోయి గోధుమ రంగుకు తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి, ఊపిరి ఆడదు. ఒక్క 500 మిల్లీగ్రాముల బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు. విరుగుడుగా వాడే ఎసిటైల్‌సిస్టీన్ మనుషుల ఆసుపత్రుల్లోనూ ఉండేదే. వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి చేరిస్తే బతికించుకునే వీలుంది. కానీ పాలల్లో బిళ్ల కలిపిన సంగతి చెప్పాలని ఎవరికీ తట్టదు.

గోమార్లు పోవడానికి కుక్కల మెడ వెనక వేసే కొన్ని చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్కకు అది సరిపడుతుంది. అదే ఇంట్లో పిల్లికీ నాలుగు చుక్కలు వేస్తే వణుకు, ఫిట్స్ మొదలవుతాయి. పెట్టె మీద పిల్లులకు వాడొద్దని రాసే ఉంటుంది, కానీ ఇంగ్లిష్‌లో, చీమ తలకాయంత అక్షరాల్లో.

కొలతల విషయం కూడా అంతే. పురుగులు పోవడానికి పశువులకు వాడే 1 శాతం ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌లో ఒక్కో మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. పశువుకు 50 కిలోల బరువుకు 1 మిల్లీలీటరు లెక్క. గేదె కోసం కొన్న సీసాలోంచి పది కిలోల కుక్కకు ‘ఒక్క ఎంఎల్లే కదా’ అని పొడిచేస్తే, పశువు లెక్కకు ఐదు రెట్లు ఎక్కించినట్టు. కోలీ వంటి జాతుల్లో చాలా కుక్కలకు ఒక జన్యు లోపం ఉంటుందని, దానివల్ల ఈ మందు మెదడులోకి చొరబడుతుందని 2001లో తేలింది. వాటికి మామూలు మోతాదే ప్రమాదం. భీమవరం, కాకినాడ, రాజమహేంద్రవరం ఇళ్లలో ఇప్పుడు రకరకాల జాతుల కుక్కలు పెరుగుతున్నాయి. వాటి జాతి ఏమిటో అడక్కుండా సూది వేసే చేతులకూ కొదవలేదు.

ఇవన్నీ పొరపాట్లు. జాగ్రత్తపడితే చాలావరకు తప్పేవి. ఏ పొరపాటూ లేకుండా, డాక్టరు సరిగ్గా రాసి, సరిగ్గా వేసినా కొన్ని జీవాలకు మందు పడదు. టీకా వేసిన కొద్దిసేపటికే మొహం ఉబ్బడం, వాంతులు, కుప్పకూలిపోవడం అరుదుగానైనా జరుగుతాయి. అప్పుడు పక్కన దాన్ని అదుపు చేసే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉండాలి, వేసిన డాక్టరు ఉండాలి. అందుకే టీకా తర్వాత అరగంట అక్కడే కూర్చోమంటారు. మనవాళ్లు సూది తీయగానే బండి స్టార్ట్ చేస్తారు. ఇలాంటివాటిలో డాక్టరు తప్పు ఉండదు. అయినా ఊళ్లో మాట పడతానేమోనన్న టెన్షన్ డాక్టరుకు, అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం యజమానికి. ఇద్దరూ నోరు విప్పరు. సంగతి అక్కడే సమాధి అవుతుంది.

మా అభ్యంతరమంతా ఈ మౌనం మీదే. ఒక్క కుక్కకు ఫిట్స్ వస్తే అది ఆ ఇంటి దుఃఖం. అదే మందు వాడిన వందల కుక్కల వివరాలు ఒకచోట చేరితే అది హెచ్చరిక అవుతుంది. గోమార్లకు, ఒంటి మీద గెంతే ఫ్లీ పురుగులకు వాడే ఐసాక్సాజోలిన్ రకం మందులు కొన్ని కుక్కల్లో, పిల్లుల్లో వణుకు, ఫిట్స్ తెప్పించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 సెప్టెంబరులో హెచ్చరించింది. ఆ మందులను నిషేధించలేదు. చాలా జీవాలకు అవి క్షేమమేనని చెబుతూనే, ఫిట్స్ చరిత్ర ఉన్నవాటి విషయంలో డాక్టరుతో మాట్లాడమంది. ఆ ఒక్క వాక్యం కొన్ని ప్రాణాలు కాపాడుతుంది. అది పుట్టాలంటే ముందు ఎక్కడో ఒకరు ‘మా కుక్కకు ఇలా అయింది’ అని రాసి పంపాలి.

రాసి పెట్టుకోకపోతే ఏమవుతుందో మన దేశానికి తెలియని పాఠం కాదు. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాలు తిన్న రాబందులను దాదాపు తుడిచిపెట్టింది. కారణం కనిపెట్టి 2006లో పశువులకు ఆ మందును నిషేధించేనాటికి చాలా ఆలస్యమైపోయింది.

మనుషుల మందుల దుష్ప్రభావాలు నమోదు చేయడానికి 2010లో జాతీయ కార్యక్రమం మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. 1800-180-3024 అని టోల్‌ఫ్రీ నంబరు కూడా ఉంది. మరి పిల్లికి మందు పడకపోతే రాజోలు మనిషి ఎవరికి చెప్పుకోవాలి? పశువుల ఆసుపత్రి గోడ మీద టీకాల పట్టిక ఉంటుంది, పశుగ్రాసం పోస్టరు ఉంటుంది. ఈ ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉండాలి. పశుసంవర్ధక శాఖ, ఔషధ నియంత్రణ విభాగం కలిసి తెలుగులో ఒక పేజీ ఫారం తయారు చేయాలి: ఏ జీవి, ఎంత బరువు, ఏ మందు, బ్యాచ్ నంబరెంత, ఎన్ని గంటలకు ఏమైంది. సంతకం పెట్టినందుకు డాక్టరును ఎవరూ నిలదీయబోమన్న హామీ కూడా ఆ ఫారం మీదే అచ్చు వేయాలి. ఆ హామీ లేకపోతే ఫారాలు ఖాళీగానే ఉంటాయి.

మందుల షాపుల వాళ్లకూ ఒక మాట. పశువుల మందుల పెట్టెల మీద జంతువు తల బొమ్మ, ‘జంతువులకు మాత్రమే’ అన్న మాట ఉండాలని ఔషధ నిబంధనలే చెబుతున్నాయి. బొమ్మ ఉన్నంత మాత్రాన అందులో ఉన్నది అన్ని జంతువులకూ పనికొస్తుందని కాదు. చీటీ లేకుండా వచ్చి ‘కుక్కకు ఏదైనా ఇవ్వండి’ అన్నవాళ్లను డాక్టరు దగ్గరికి పంపండి. ఆ పది రూపాయల బేరం పోతే పోయింది.

పెంచుకునేవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. ఖాళీ సీసానూ, బిళ్లల షీటునూ పారేయకండి. ఒంటికి రాసిన మందు వికటిస్తే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు, నూనె పోయొద్దు. ఏం వేశారో దాచకుండా చెప్పండి.

ఇది చదివి ఎవరైనా టీకాలు మానేస్తే అంతకన్నా నష్టం ఉండదు. రేబిస్ సోకి లక్షణాలు బయటపడ్డాక మనిషైనా కుక్కైనా బతకడం దాదాపు అసాధ్యం. టీకా వల్ల వచ్చే అరుదైన ఇబ్బందికి వైద్యం ఉంది. జూలై 6న, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే జూనోసిస్ దినం నాడు, పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. పిల్లలు కుక్కలను గొలుసులతో, తాళ్లతో లాక్కొచ్చి వరుసలో నిలబడతారు. ఈసారి ఆ శిబిరాల్లో టీకా పెట్టె పక్కనే అడ్రినలిన్, చెట్టు కింద అరగంట కూర్చోవడానికి నాలుగు కుర్చీలు, బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టాలని కోరుతున్నాం. వాటికి ప్రత్యేకంగా జీవో అవసరం లేదు. ఆ పుస్తకంలో మొదటి పేజీ ఈ డెల్టాలోని ఏ ఆసుపత్రిలో నిండినా, అందులోని వివరాలను ఈ పత్రిక ప్రచురిస్తుంది.